బూరి దురద

తండా, దమ్మపేట దగ్గర,
2003 ఆగస్టు 4

ప్రియమైన లాలికి,

కోటేష్ రాయునది. మేమంతా బాగున్నాం, బూరి ఒక్కటి తప్ప. నువ్వు చదువుకు పోయిన రోజు బస్సు వెంట వాగు దాకా ఉరికిన కుక్క, ఇప్పుడు వాకిట్లో కూర్చుని తనను తానే కొరుక్కుంటోంది. నిన్న పొద్దున చూసి బెదిరిపోయాను. తోక మొదట్లో అరచేయంత మేర వెంట్రుకలు లేవు, రక్తం కారుతోంది. ఎవరో కత్తిపీట మీద గీరినట్టు ఉంది. ఎవరూ ఏమీ చెయ్యలేదు. అదే కొరుక్కుంది.

మన సువర్ణ దాన్ని వదిలిపెట్టదు. మధ్యాహ్నం దాని పొట్ట మీద తల పెట్టుకునే నిద్రపోతోంది. నాలుగేళ్ళ పిల్లకు ఏం చెబితే అర్థమవుతుంది. ఇప్పుడు పాప మడమల దగ్గర కూడా ఎర్రటి పొక్కులు లేచాయి. అమ్మ ఊరుకుంటుందా. "కుక్కను సంచిల ఏసి వాగు అవతల ఇడిసి రా. పిల్లకు గజ్జి పడితే రేపు నీ పెండ్లాం వచ్చి నన్నడుగుతది" అని ఒకటే గొడవ. కొన్నాళ్ళు ఆగమన్నాను. పక్కింటి జైరాం మామ అరుగు మీద నుంచే, "మీ ఇంట్లనే పశువుల డాక్టరమ్మ ఉండంగ బాధేంది అల్లుడా, జాబు రాసి అడుగు" అని నవ్వాడు.

ఆయన నవ్వితే నవ్వనీ, నేను నిజంగానే అడుగుతున్నాను. కుక్కను వదిలేస్తే పాప అన్నం ముట్టదు. ఉంచుకుంటే పాప ఒంటికి ఏమవుతుందో తెలియదు. ఏం చెయ్యమంటావో జల్దీ రాయి.

నీ కోటేష్

*

హైదరాబాద్, బాలికల హాస్టల్,
ఆగస్టు 9

ప్రియమైన బావకు,

నీ జాబు చదివాక అన్నం సహించలేదు. బూరిని ఎక్కడా వదలొద్దు. నేను డాక్టర్ని కాదని, డాక్టరు పక్కన నిలబడి పని నేర్చుకునేదాన్నని మామకు చెప్పు. అయినా మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని కదా, తెలిసింది రాయకుండా ఉండలేను.

దురద జబ్బు కాదు, జబ్బు చెప్పే కబురు. మా సారు మొదటి రోజే ఈ మాట చెప్పారు. మందు అడిగేముందు, ఎక్కడ గోక్కుంటోంది, ఎప్పటి నుంచి, ఏం తింటోంది, ఎక్కడ పడుకుంటోంది అని అడగాలట. చెవుల అంచులు, మోచేతులు ముందు పాడైతే అది గజ్జి పురుగు. పాదాలు నాకుతూ ఉంటే తొక్కిన గడ్డో, తిన్న తిండో ఒంటికి పడలేదని అనుమానించాలి. దాన్నే ఇక్కడ ఎలర్జీ అంటారు. తోక మొదట్లో మొదలైతే మాత్రం వెంట్రుకల్లో గంతులేసే నల్ల పురుగుల పని. అవి కుట్టినప్పుడు వాటి ఉమ్మి కొన్ని కుక్కలకు పడదు. ఒక్క పురుగు కుట్టినా చాలు, చాన్నాళ్ళు ఒళ్ళంతా మండిపోతుంది.

నువ్వు ఒక పని చెయ్యి. తెల్లగుడ్డ తడిపి కింద పరిచి, బూరిని దాని మీద నిలబెట్టి పేన్ల దువ్వెనతో నడుం నుంచి తోక దాకా దువ్వు. మిరియప్పొడి లాంటి నల్లటి నలుసులు రాలతాయి. తడికి అవి ఎర్రగా మారితే అది బూరి రక్తమే. పురుగు తాగి విసర్జించింది. మారకపోతే ఉత్త మట్టి.

ఇంకొకటి, మన దగ్గర కుక్కకు గజ్జి అనగానే ట్రాక్టరు నుంచి దింపిన నల్ల ఆయిలు పూస్తారు. వద్దు. అది నాక్కుని లోపల పాడవుతుంది. వేపాకు మరగబెట్టి, చల్లార్చి, ఆ నీళ్ళతో కడుగు చాలు.

అత్తమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయలేదు. పాపకు ముద్దులు.

నీ లాలి

*

తండా,
ఆగస్టు 17

ప్రియమైన లాలికి,

గుడ్డ ఎర్రబడింది. ఒకటి రెండు చుక్కలు కాదు, పళ్ళ నుంచి నెత్తురు ఉమ్మినట్టు గుడ్డంతా మరకలే. చూడ్డానికి అరుగు మీద జనం చేరారు. జైరాం మామ నవ్వు అక్కడికి ఆగింది. అమ్మ మాత్రం, "కుక్కకు పేన్లు చూసుటానికి పట్నందాక పోవాల్నా, నన్నడిగితే నేను చెప్పకపోదునా" అంది. అన్నదే కానీ, ఆ గుడ్డను ఇటు తిప్పి అటు తిప్పి చాలాసేపు చూసింది.

వేపాకు నీళ్ళతో కడిగాను. బూరి ఒక పూట హాయిగా నిద్రపోయింది. మరునాడు మళ్ళీ మొదలు. ఇంకోసారి కడిగాను, మళ్ళీ అంతే. పాప కాళ్ళ మీద పొక్కులు పైకి పాకాయి. గోకి గోకి ఒకటి చీము పట్టింది. అమ్మ దానికి పసుపు పెడుతూ నాతో మాట్లాడటం మానేసింది.

నిన్న వాకిట్లో జైరాం మామ, "గిట్ల ఆకులు ఉడకబెడితే పురుగులు సస్తయా అల్లుడా. పత్తికి కొట్టే మందు మూతెడు బకెట్ల కలిపి తడుపు. మా ఎడ్లకు పిడుదులు పడితే నేను గదే చేస్త. ఒక్కటి మిగలది" అన్నాడు. అమ్మ అక్కడే చేట పట్టుకుని ఉంది. నేను అవునని కాదని అనలేదు. నువ్వేమంటావు?

అమ్మ మోకాళ్ళు అట్లాగే ఉన్నాయి.

నీ కోటేష్

*

హైదరాబాద్,
ఆగస్టు 22

ప్రియమైన బావకు,

ఈ జాబు చేతికి అందగానే ఇంట్లో ఉన్న పత్తి మందు డబ్బాను చూరు కిందికి, పాపకు, అత్తమ్మకు అందని చోట పెట్టు. ఆ మందు బూరికి తగలనివ్వొద్దు.

మొన్న మా దవాఖానాకు ఒక దూడను ఆటోలో తెచ్చారు. పిడుదులు పోవాలని పత్తి మందుతో కడిగారట. నోట్లోంచి తాడులా చొంగ, కళ్ళు ధారలు కడుతున్నాయి, తొడలు చర్మం కింద ఏదో పాకుతున్నట్టు వణుకుతున్నాయి. సారు టార్చి వేసి కళ్ళు చూపించారు. కంటి పాప ఆవగింజంత అయిపోయింది. దాన్ని తెచ్చిన పెద్దాయన, "తాగియ్యలేదు సారూ, మీద పోసిన గంతే" అంటూనే ఉన్నాడు. తోలు తాగుతుందని ఆయనకు తెలియదు. నాకూ ఆ రోజు దాకా తెలియదు బావా. మనం ఆ మందు చేతులతో కలిపి, అవే చేతులు లుంగీకి తుడుచుకుని అన్నం తిన్నవాళ్ళం. సూది వేశారు, సబ్బుతో కడిగారు. దూడ దక్కలేదు. నేను వెనక గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను.

నీ వేపాకు ఎందుకు పని చెయ్యలేదో సారును అడిగాను. ఆ పురుగులు కుక్క మీద కంటే అది పడుకునే చోటే ఎక్కువ ఉంటాయట. గుడ్లు అక్కడే, పిల్లలు అక్కడే. బూరి పడుకునే గోనె సంచిని కాల్చెయ్యి. మేకల కొట్టంలో పైమట్టి చెక్కి తీసి ఎండ తగలనివ్వు. అప్పుడు కడిగితే గుణం కనిపిస్తుంది. పాప పుండుకు ఊరి నర్సు ఏఎన్ఎమ్మక్క దగ్గర పూతమందు ఇప్పించు.

ఒక మాట. పత్తి మందు గురించి రాసిన ముక్క అత్తమ్మకు చదివి వినిపించకు. కోడలు దూరం నుంచి నీతులు చెబుతోందని నొచ్చుకుంటుంది. ఇప్పటికే నా చదువు మీద ఆమెకు మంట. నువ్వు చూసుకుంటే చాలు.

నీ లాలి

*

తండా,
సెప్టెంబరు 6

ప్రియమైన లాలికి,

బూరికి దురద పోయింది. నిజం. గోకటం లేదు, కొరుక్కోవటం లేదు. పుండు ఎండి పక్కు కట్టింది. నువ్వు రాసినట్టే సంచి కాల్చాను, కొట్టం చెక్కాను, వేపాకుతో ఇంకోసారి కడిగాను. ఆ మరునాడు ఒక పూట మందకొడిగా పడుకుంది, మూతి తడితడిగా ఉంది. వేపాకు చేదు నాకిందేమో అనుకున్నా. తర్వాత లేచి మేకల వెంట పోయింది. దువ్వి చూస్తే గుడ్డ తెల్లగానే ఉంది.

పత్తి మందు ముక్క నువ్వన్నట్టే అమ్మకు చదవలేదు. చదవకపోవటమే మంచిదైంది, ఇంట్లో గొడవ లేదు. అమ్మ బూరిని చూసి తనలో తాను నవ్వుకుంటోంది. "నీ కోడలి చదువు పనికొచ్చినట్టే గదా" అని జైరాం మామ అంటే, "వచ్చింది తియ్" అంది. అంతకంటే ఆమె నోటి నుంచి ఏం రావాలి.

ఇప్పుడు కొత్త బాధ. అంగన్‌వాడీ నుంచి పాప తల నిండా పేలు తెచ్చుకుంది. దువ్వి దువ్వి అమ్మకు చేతులు పడిపోతున్నాయి. గుండు చేయిద్దామంటే అమ్మ వద్దంటోంది, నీలాంటి జుట్టు అట. దీనికి కూడా ఏమైనా ఉందా?

నీ కోటేష్

*

హైదరాబాద్,
సెప్టెంబరు 11

ప్రియమైన బావకు,

నీ జాబు క్లాసులో చదివి వినిపించాను. సారు నన్ను ముందుకు పిలిచి, గుడ్డ పరీక్ష దగ్గర నుంచి కొట్టం చెక్కటం దాకా అందరికీ చెప్పమన్నారు. మూతి తడి గురించి భయపడకు, వేపాకు నాకితే చొంగ వస్తుంది.

ఈ కింది ముక్క మాత్రం అత్తమ్మను కూర్చోబెట్టి చదువు. ఆమెకే రాస్తున్నాను.

అత్తమ్మా, నీ కోడలు లాలి దండాలు పెట్టి రాయునది. బూరిని బాగు చేసింది నువ్వూ బావానే, నేను కాదు. పాప తలకు వేరే మందు ఏదీ వెతకొద్దు. బూరికి పెట్టిందే పాపకూ పెట్టు. జుట్టు కుదుళ్ళ దాకా పట్టించి, గుడ్డ చుట్టి, కాసేపు ఉంచి కడుగు. ఏమీ కాదు. చదువుకున్నదాన్ని చెబుతున్నా, నమ్ము.

దసరాకు వస్తాను. నీ మోకాళ్ళకు నూనె తెస్తాను.

నీ లాలి

*

కొత్తగూడెం, దవాఖానా,
సెప్టెంబరు 18

లాలికి,

ఫోన్‌లో పాపకు జ్వరం అన్నాను. జ్వరం కాదు. నువ్వు బస్సులో ఉంటావు ఇప్పుడు. నువ్వు వచ్చేసరికి నేను ఇక్కడ ఉండను. మందు డబ్బా చూడాలని డాక్టరు అడిగాడు, అది తేవటానికి తండాకు పోతున్నాను. మేకలు కూడా పొద్దటి నుంచి కొట్టంలోనే ఉన్నాయి. పాప దగ్గర మన తండాలో జీపు నడిపే బలరాం ఉంటాడు. ఈ కాగితం నీకిస్తాడు. ఎదురుగా ఉంటే నేను ఇది చెప్పలేను.

పొద్దున చేలో ఉన్నాను. జైరాం మామ కేకేస్తే వచ్చాను. పాప మంచం మీద ఉంది. నోట్లోంచి చొంగ కారి గౌను తడిసిపోయింది. కాళ్ళు వణుకుతున్నాయి. అమ్మ విసురుతోంది. పాప తలకు గుడ్డ చుట్టి ఉంది. భుజం మీద వేసుకున్నాను. ముక్కుకు ఆ వాసన కొట్టింది. చేలో మందు కొట్టి పంపు దింపాక నా అంగీకి ఉండే వాసన, లాలీ. పాప జుట్టులోంచి.

"ఏం పెట్టినవమ్మా" అన్నాను.

"నీ పెండ్లాం చెప్పిందే పెట్టిన" అంది.

"వేపాకు కదా చెప్పింది."

"వేపాకు ఎక్కడ చెప్పింది. బూరికి పెట్టిందే పెట్టమంది. నువ్వే గదా సదివినవ్. బూరికి నేను జైరాం దగ్గర మందు తెచ్చి పెట్టిన, నువ్వు చేలకు పోయినంక. నీ ఆకులతోని పోయిందనుకున్నవా."

భయం లేకుండా చెప్పింది. సరిగ్గా చేసినదాని ముఖంలా ఉంది ఆమె ముఖం. నీ జాబు ఆ రోజు నాతో రెండుసార్లు చదివించుకుంది. "నన్ను పిలిచి రాసింది నా కోడలు" అని జైరాం మామ భార్యకు చెప్పింది. నేనూ సంతోషపడ్డాను.

బోరింగు దగ్గర సబ్బుతో కడిగాం, బలరాం జీపులో వేసుకుని వచ్చాం. దారిలో పాప ఊపిరి గురగుర అంది. డాక్టరు సూదుల మీద సూదులు వేస్తున్నాడు. బతుకుతుందో లేదో చెప్పటం లేదు.

అమ్మ జీపు వెనక ఎక్కి వచ్చింది. "నా కండ్ల ముంగట ఉండకు, పిల్లను చంపినవ్" అన్నాను. గేటు దగ్గర గోడ వారన కూర్చుంది. ఒకటే ఏడుపు. ఏడవనీ. నేనిక ఆమె ముఖం చూడను.

కోటేష్

*

కొత్తగూడెం, దవాఖానా,
సెప్టెంబరు 19

ప్రియమైన బావకు,

ఈ జాబు బలరాం తెస్తాడు. డబ్బా తీసుకుపోవటానికి అతన్నే రమ్మని కబురు పంపి, నువ్వు అక్కడే ఆగిపోయావట. నువ్వు ఆగొద్దు. మొదట పాప సంగతి. పాప బతికింది. తెల్లవారాక కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది. జుట్టంతా తీసేశారు. నీళ్ళు తాగింది. ఇంకో రెండు మూడు రోజులు ఇక్కడే ఉంచమన్నారు.

ఇప్పుడు రాసేది కూర్చుని చదువు.

నిన్న నీ కాగితం చదివి, పాపను చూసి, గేటు దగ్గరికి నడిచాను. అత్తమ్మను ఏమేమి అనాలో అడుగడుక్కీ కూడబెట్టుకుంటూ పోయాను. ఆమె గోడకు ఆనుకుని, ముఖం మీదికి కొంగు లాక్కుని ఉంది. కొంగు తడిసి గడ్డానికి అతుక్కుపోయింది. పక్కన సోడా బండి ఆయన, "పొద్దటి నుంచి గిట్లనే ఏడుస్తుందమ్మా ముసలామె" అన్నాడు. "అత్తమ్మా" అన్నాను. పలకలేదు. కొంగు ఎత్తాను.

అది ఏడుపు కాదు బావా. కన్నీళ్ళ కంటే చొంగ ఎక్కువ ఉంది. చెంప మీద చర్మం దానంతట అదే అదురుతోంది. రెప్ప ఎత్తి చూశాను. కంటి పాప ఆవగింజంత ఉంది. ముసుగు కింద జుట్టులో చెయ్యి పెట్టాను. జడ లోపల ఇంకా జిడ్డుగా ఉంది. అదే వాసన.

నిలబెట్టబోతే కూలబడింది. నేనూ సోడా బండి ఆయనా మోసుకుపోయాం. డాక్టరు సూది వేస్తుంటే నేను కొళాయి కింద ఆమె తల పట్టుకుని సబ్బుతో కడిగాను, నర్సమ్మ జడ కత్తిరించింది. పాప మంచం పక్క మంచమే ఇచ్చారు. ఊపిరి భారంగా ఉంది. "పెద్ద వయసు, చాలాసేపు నానింది, ఇప్పుడే ఏమీ చెప్పలేను" అన్నారు డాక్టరు.

కొంచెం తేరుకున్నాక, మన తండా భాషలో, ఆగి ఆగి చెప్పింది. నా జాబు విన్నాక ఆమె నిద్రపోలేదట. కుక్క తోలు వేరు, పిల్ల నెత్తి వేరు అనుకుందట. అందుకని ముందు తన తలకు పట్టించుకుంది. నువ్వు చేలో ఉండగా, పాపకు పెట్టటానికి ముందు రోజు. పొద్దంతా చూసుకుందట, కళ్ళు తిరుగుతాయేమో, వాంతి వస్తుందేమో అని. కొంచెం తలనొప్పి తప్ప ఏమీ కాలేదు. "నాకేం కాలే, గందుకే పిల్లకు పెట్టిన" అంది. పాపకు కాసేపుంచి కడిగేద్దామనుకుంది కానీ, తన జుట్టు మాత్రం కడగలేదు. పేలు తనకూ ఉన్నాయి, ఇంకో రోజు ఉంటే మంచిదనుకుంది. జీపులో కళ్ళు తిరిగాయట. నువ్వు అన్న మాటకు తిరిగాయనుకుంది.

పత్తి మందు ముక్క ఆమెకు చదవొద్దన్నది నేను. ఆమెను పిలిచి నమ్మమన్నదీ నేనే. దూడ కళ్ళు చూసి కూడా, బూరి మూతి తడి అని నువ్వు రాస్తే వేపాకు అనుకున్నాను. సారు మెచ్చుకున్న సంబరంలో ఉన్నాను. వీటి గురించి తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు సమయం లేదు.

బూరి ఒంటి మీద ఆ మందు ఇంకా మిగిలి ఉంటుంది. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని సబ్బుతో కడుగు. అది పడుకున్న చోట పైమట్టి తీసి దూరంగా పాతిపెట్టు. దురద మళ్ళీ వస్తుంది. రానీ, దాని సంగతి నెమ్మదిగా చూద్దాం. జైరాం మామకు కూర్చోబెట్టి చెప్పు. ఆయన ఇంట్లో కూడా పిల్లలున్నారు.

అత్తమ్మను ఒకటే అడిగాను. "పొద్దటి సంది డాక్టర్లు తిరుగుతనే ఉండిరి గదా. నేను గూడ పెట్టుకున్ననని ఎందుకు చెప్పలే?"

పక్క మంచం మీది పాప వైపు తిరిగింది.

"ఎవలడిగిండ్రు" అంది.

బావా, అప్పటి నుంచి ఆమె తలుపు వైపు చూస్తోంది. బలరాం జీపులోనే బయలుదేరు. వచ్చి, ఆ మందు గురించి కాదు, పాప గురించీ కాదు, అన్నం తిన్నావా అమ్మా అని అడుగు.

నీ లాలి